పసుపు గౌను పాప తాలూకు వాళ్లు

చనిపోయిన మనిషి గొంతు వినడం స్టేషన్ ఎదుటి వీధికి కొత్తేమీ కాదు. మైకమ్మ పోయి మూడేళ్లవుతున్నా రైళ్ల రాకపోకలు ఇప్పటికీ ఆమే చెబుతోంది. ఆమె బతికుండగానే అంకెలు, ఊళ్ల పేర్లు, ‘వచ్చుచున్నది’, ‘ఆలస్యముగా నడుచుచున్నది’ లాంటి ముక్కలన్నీ విడివిడిగా చదివించి కంప్యూటర్లో దాచుకున్నారు. ఆ ముక్కల్నే అతుకుతూ యంత్రం రోజంతా పలికిస్తుంది. వీధిలో వాళ్లు ఆ గొంతు విని కొట్లు తెరుస్తారు, పిల్లల్ని నిద్ర లేపుతారు, పొయ్యి మీద పాలు దించుతారు. అది ఎవరి గొంతన్న సంగతి చాలామంది మరిచిపోయారు కూడా.

మరిచిపోనిది బొత్తాల అవ్వ ఒక్కతే. మైకమ్మ ఆవిడ కూతురు.

స్టేషన్ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది అవ్వ కొట్టు. గోడంతా చిన్న చిన్న సొరుగులు. ఏ సొరుగులో ఏముందో తెలిసేలా ప్రతిదాని ముందూ ఒక బొత్తాం తీగతో కట్టి ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆ సొరుగుల మధ్య, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద, రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉంది. ఏ చిన్న విషయమైనా మూడుసార్లు ఆరా తీస్తుందని స్టేషన్లో అందరూ ఆమెని వెనకాల ఆరా మేడం అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పట్టించుకోదు.

అవ్వ ఇచ్చిన ఫిర్యాదు విని ఆమె కింది వాళ్లు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. చచ్చిపోయిన నా కూతురు కొత్త మాటలు మాట్లాడుతోంది, అన్నది ఫిర్యాదు. రోజూ మధ్యాహ్నం ప్యాసింజరు వెళ్లిన కాసేపటికి వస్తాయట ఆ మాటలు. వారం నుంచి వస్తున్నాయి. ఆదివారం మాత్రం రాలేదు.

“ఆదివారం మీరు కొట్టు కట్టేస్తారు కదా?” అని ఆరా మేడం అడిగింది.

“కొట్టు కట్టేసినా కొట్లోనే కూర్చుంటానమ్మా. దాని గొంతు ఇంటి దాకా వినపడదు.”

ఆరా మేడం ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. ఈలోగా ప్యాసింజరు కూత వేసి కదిలింది. చక్రాల చప్పుడు వంతెన అవతల సన్నగిల్లింది. గేటు పక్క స్తంభానికి కట్టిన స్పీకరు ఒకసారి గరగరలాడింది.

“దయచేసి వినండి. పసుపు గౌను వేసుకున్న పాప ఒకతి తప్పిపోయి మా దగ్గర ఉంది. పాప తాలూకు వాళ్లు ఎక్కడున్నా వెంటనే గడియారం కిందికి రావలసిందిగా కోరుతున్నాము.”

యంత్రం అతికిన మాటలు కావవి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఉంది. ‘పాప’ అన్నప్పుడు గొంతులో చిన్న నవ్వుంది. పక్క మంగలి కొట్లో కత్తెర ఆగిపోయింది. రోడ్డు దాటబోతున్న మనిషి ఒక కాలు కింద పెట్టి అలాగే నిలబడిపోయాడు. టక్‌మని ఏదో మీట నొక్కిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆరా మేడం ఒళ్లు జలదరించింది. అంతకన్నా ఎక్కువ జలదరించింది అవ్వని చూసినప్పుడు. అవ్వ తలెత్తకుండా, చేతిలో దారపు ఉండ చుట్టుకుంటూనే, పక్క గదిలోంచి పిలిస్తే పలికినట్టు మెల్లిగా అంది.

“వస్తున్నానే.”

ఆరా మేడం స్టూలు దగ్గరికి జరుపుకుంది. మూడేళ్ల కిందటి సంగతులు ఒక్కొక్కటే అడిగింది. అవ్వ తడుముకోకుండా చెప్పింది. పోవడానికి ముందు రోజుల్లో కూతురు సరిగా తినలేదు, నిద్రపోలేదు. అంతకుముందు ఎవరో ఒకావిడ తప్పిపోయిన బిడ్డ ఫొటో పట్టుకుని స్టేషనంతా తిరుగుతుంటే ఇంటికి తీసుకొచ్చి రెండు రాత్రులు పడుకోబెట్టుకుంది. ఆవిడ వెళ్లిపోయాక ఒక ప్రశ్న పట్టుకుని తల్లిని పీక్కుతింది.

“ఏమని?”

“తప్పిపోయిన పిల్లని పోలీసు చేతిలో పెడితే, పోలీసు ఏం చేస్తాడమ్మా అని. నాకేం తెలుసు? ఇంటికి చేరుస్తాడు కాబోలు అన్నాను.” అవ్వ దారపు ఉండ ఒళ్లో పెట్టుకుంది. “తర్వాత నాలుగు రోజులకి పార్సిల్ ఆఫీసు మెట్ల కింద పడి ఉంది. వానకి జారింది అన్నారు.”

అన్నది ఎవరో అవ్వ చెప్పలేదు, ఆరా మేడం అడగనూ లేదు. ఆ కేసు రాసి మూసేసింది టౌన్ ఇన్‌స్పెక్టర్. అతను ఆమెకి స్వయానా బావ, తోడబుట్టిన అక్క మొగుడు.

అనౌన్స్‌మెంట్ గదిలో ఇప్పుడుండేది దగ్గు గుమాస్తా. మాటకి రెండుసార్లు దగ్గేవాడిని మైకు గదిలో వేశారంటే ఆ గదిలో మనిషి గొంతుతో పని లేదనే అర్థం. అతను కుర్చీని గది బయట నడవాలో వేసుకుని కూర్చున్నాడు. వారం నుంచి అక్కడేనట. లోపల ఒక్కడూ ఉండలేకపోతున్నాడు.

“నేను దేన్నీ ముట్టుకోలేదు మేడం. తెర మీద ఏమీ రాలేదు, గొంతు మాత్రం వచ్చింది.”

“పాప అనే మాట ఈ యంత్రంలో ఉందా?”

“లేదు.”

“పసుపు?”

“రంగులతో రైళ్లకేం పని మేడం?”

పూర్వం పిల్లలు తప్పిపోతే ఏం చేసేవాళ్లని ఆమె అడిగింది. అతను దగ్గు ఆపుకుని చెప్పాడు. మైకమ్మ ఒకసారి టేపు మీద చెప్పి, దాన్నే మళ్లీ మళ్లీ వేసేదట, గొంతు పట్టేయకుండా. అదంతా పాత గదిలో. ఈ గది వచ్చాక ఆ పద్ధతి పోయింది.

ఆరా మేడం లోపలికి వెళ్లి గోడ వారన ఉన్న పెద్ద యాంప్లిఫయర్ని ముందుకి లాగింది. వెనక దుమ్ములో రెండు తీగలు కనిపించాయి. ఒకటి కంప్యూటర్ నుంచి వచ్చింది. రెండోది గోడ రంగే పూసి ఉండటం వల్ల కనపడీ కనపడకుండా పాకుతూ కిటికీ చట్రంలోంచి బయటికి పోయింది.

“ఇదెక్కడికి?”

గుమాస్తా ఒకసారి దగ్గి చెప్పాడు. అది పాత గదిదే, పార్సిల్ ఆఫీసు మేడ మీద. మైకమ్మ పోయాక టౌన్ పోలీసులు గదికి తాళం పెట్టి సీలు వేశారు. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది.

“మరి తీగ కొయ్యలేదా?”

“కొయ్యమని ఎవరూ చెప్పలేదు మేడం.”

ఆమె ఆ తీగ వెంట నడిచింది. అది కాలి వంతెన రెయిలింగు కిందుగా అన్ని పట్టాల్నీ దాటి, గడియారం స్తంభం చుట్టూ తిరిగి, మూతబడ్డ పార్సిల్ ఆఫీసు పై గది కిటికీలోకి దూరింది. ఆ కట్టడం రైల్వేది. దాని ఇనప మెట్లు మాత్రం వెనక గేటు బయట రోడ్డు మీదికి దిగుతాయి. రోడ్డు టౌన్ పోలీసులది. మైకమ్మ ఒక్క గజం ఇవతల పడి ఉంటే ఆ కేసు తన చేతికి వచ్చేదని ఆరా మేడంకి ఆనాడే తట్టింది. ‘ఇంట్లో వాడి పని మీద అనుమానమెందుకు’ అని వదిలేసింది.

మెట్ల మొదట్లో నిలబడి తల పైకెత్తింది. మెట్ల పొడుగునా రేకు కప్పు ఉంది. నిన్నా మొన్నా వేసింది కాదు. తుప్పు పట్టి, పావురాల రెట్టలు గట్టిపడి, దాని దూలాలకి పాత కాలపు రైల్వే రంగు పెచ్చులు లేస్తోంది. వాన రోజున కూడా ఈ మెట్ల మీద చుక్క పడదు. వానకి జారి పడిందని రిపోర్టులో బావ తన చేత్తో రాశాడు.

వెనకాల జీపు ఆగింది.

“ఏంటి మరదలా, మా రోడ్డు మీద నిలబడ్డావ్? గేటు లోపల దొంగలు అయిపోయారా?”

బావ ఎప్పటిలాగే నవ్వుతూ దిగాడు. జీపు ముందు సీట్లో అక్క కూతురు బడి యూనిఫాంలో కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర ప్రయాణపు సంచీ. అక్కకి కడుపు పండక, మూడేళ్ల కిందట ఎక్కడో దూరపు ఊళ్లో అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్న పిల్ల. వచ్చిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. తల దువ్వాలంటే పిన్నే దువ్వాలి.

“పిన్నీ,” అని పిల్ల చెయ్యూపింది.

“బడి ఉండగా ఎక్కడికి బావా?”

“మా అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉంచి వస్తా. పిల్లకి ఒంట్లో బాగాలేదు.”

“నాకు బాగానే ఉంది పిన్నీ,” అంది పిల్ల. బావ ఒకసారి వెనక్కి చూశాడు. పిల్ల కాళ్ల దగ్గరి సంచీకేసి చూపు దించుకుంది.

ఆరా మేడం పై గది తాళంచెవి కావాలని నేరుగా అడిగేసింది. బావ నవ్వు చెరగలేదు గానీ కాళ్లు మాత్రం మెట్లకి అడ్డంగా వచ్చాయి. అది టౌన్ కేసని, మూసిన కేసని, కావాలంటే కాయితం మీద రాసుకుని పై వాళ్ల చేత అడిగించమని చెప్పాడు. ఆమె రేకు కప్పు చూపించి, వాన ఎటునుంచి పడిందని అడిగింది.

“గాలివాన అది. అడ్డంగా కొట్టింది. నువ్వున్నావా అప్పుడు?”

“లేను. నువ్వున్నావా?”

బావ మొహంలో ఏదో ఒక్క క్షణం కదిలి సర్దుకుంది. గొంతు తగ్గించి, ఇంట్లో మనిషికి బుద్ధి చెబుతున్నట్టు మాట్లాడాడు. “చూడమ్మా. ముసలావిడకి మతి చలించింది. ఎవడో ఆకతాయి పాత టేపు దొరకబుచ్చుకుని ఆడుకుంటున్నాడు. ఆరేళ్ల పిల్ల తప్పిపోయిందంటూ ఊరంతా బెదరగొడుతున్నాడు. నువ్వూ వాళ్లతో చేరితే పరువు పోయేది మీ అక్కది కూడా. ఇంటికి వెళ్లు.”

వాచీ చూసుకుని, సంచీ ఒక చేత్తో, పిల్ల చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఆ గేట్లోంచి వంతెన వైపు నడిచాడు. పిల్ల రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఆరా మేడం సగం మెట్లెక్కాక ఆగిపోయింది. మధ్యాహ్నం స్పీకరులో విన్న మాటల్ని మనసులో మళ్లీ మొదటి నుంచి చివరి దాకా వల్లించుకుంది. పసుపు గౌను ఉంది. గడియారం ఉంది. పిల్ల వయసు లేదు. మరి ఆరేళ్లని బావకి ఎవరు చెప్పారు?

పైన సీలు లక్క పగిలి, మళ్లీ బంకతో అతికించినట్టుంది. తాళం గొళ్లేనికి ఊరికే వేలాడుతోంది. ఆమె తలుపు తోసింది.

లోపల మైకు ముందు, తుడిచి శుభ్రం చేసిన కుర్చీలో, తన అక్క కూర్చుని ఉంది.

చుట్టూ మూడేళ్ల దుమ్ము. కుర్చీ దాకా ఒక్క మనిషి అడుగుల జాడ. బల్ల మీద పాత టేపు రికార్డరు, గుండ్రటి మైకు, అంచు విరిగిన గ్లాసు. అక్క లేవలేదు, ఉలిక్కిపడలేదు. చెల్లెల్ని చూసి, చాలా రోజులు మోసిన బరువు దించుకున్న మనిషిలా వెనక్కి వాలింది.

“ఇన్ని రోజులు పట్టిందే నీకు,” అంది.

“నువ్వా అక్కా వేస్తున్నది?”

“ఆదివారాలు ఆయన ఇంట్లో ఉంటారు. లేకపోతే ఆ రోజూ వేసేదాన్ని.”

అక్క చెప్పింది ఎక్కువ లేదు, తడబడుతూ చెప్పింది. పండక్కో పబ్బానికో కాదు, మామూలుగా బట్టల అల్మారా సర్దుతుంటే ఆయన చొక్కాల కింద ఒక తాళంచెవి దొరికింది. దాని చీటీ మీద పార్సిల్ ఆఫీసు అని ఉంది. కేసు తాళంచెవి పోలీసు స్టేషన్లో ఉండాలి గానీ చొక్కాల కింద ఎందుకుందో అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి తలుపు తీసింది. టేపు రికార్డరులో క్యాసెట్ అలాగే ఉంది. ఏమీ తోచక మీట నొక్కింది.

“మొత్తం ఎప్పుడూ వెయ్యలేదు. అందరూ వినేలా వేసింది మొదటి ముక్కే. మిగిలింది నువ్వు విను.”

బయటికి వినపడకుండా మైకు మీట కిందికి ఉందో లేదో చూసుకుని, అక్క టేపు తిప్పింది. గదిలో మైకమ్మ ఊపిరి తీసుకుంది. పసుపు గౌను, గడియారం అయ్యాక ఆ గొంతు ఆగలేదు. “పాప వయసు సుమారు ఆరేళ్లు. ఎడమ చెవి వెనక రెండు పుట్టుమచ్చలు, పక్కపక్కనే.” తర్వాత మైకమ్మ రికార్డరు ఆపడం మరిచిపోయినట్టుంది. కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు చప్పుడు. తర్వాత మగ గొంతు.

“పాపని నాకివ్వండి. ఆశ్రమంలో అప్పగిస్తాను. రాసుకోవడాలవీ మేం చూసుకుంటాం.”

దాని వెనకే పిల్ల గొంతు. “అమ్మ అక్కడుందా?”

“ఉంది, రా.”

బావ గొంతు. ఆరా మేడం టేపు దగ్గరికి వంగింది. ఎడమ చెవి వెనక ఆ రెండు పుట్టుమచ్చలూ తన కళ్లకి తెలుసు, వేళ్లకి తెలుసు. జడ వేసేటప్పుడు ప్రతిసారీ వాటి మీద వేలు పెట్టి పిల్లని నవ్వించేది.

“నాకు చెప్పింది ఆశ్రమం పిల్ల అనే,” అంది అక్క. “నీకెలా చెప్పను? చెబితే పిల్ల పోతుంది. చెప్పకపోతే... దాన్ని కన్నతల్లి ఎక్కడో ఇంకా వెతుకుతూనే ఉంటుంది కదే. నా నోటితో చెప్పలేక ఆవిడ నోటితో చెప్పించాను. వినాల్సింది నువ్వు. నువ్వేమో రాలేదు.”

“బావకి తెలిసిందా?”

“ఇవాళ పొద్దున అల్మారాలో వెతుక్కున్నారు. నన్నేమీ అడగలేదు. అడక్కపోతేనే నాకు భయం. అందుకే ఇంటికి వెళ్లలేక ఇక్కడే కూర్చున్నా.”

“పిల్ల ఎక్కడుంది అక్కా?”

“బళ్లో.”

ఆరా మేడం కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద జీపులో చూసిన సంగతి చెప్పింది. అక్క మొహం పాలిపోయింది. అక్క అత్తగారు, బావ తల్లి, పోయి రెండేళ్లయిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆరా మేడంకి. బావ మరీ అంత తేలిగ్గా తెలిసిపోయే అబద్ధం చెబితే తను ఎలా నమ్మిందో ఆమెకే తెలియలేదు.

కిటికీలోంచి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం కనిపిస్తోంది. ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంది. జనం సందులోంచి బావ టోపీ, దాని పక్కన బడి యూనిఫాం, రైలు పెట్టె వైపు జరుగుతున్నాయి. వంతెన మీదుగా ఎంత పరిగెత్తినా అందదు. ఆరా మేడం కుర్చీ పక్కకి తోసి మైకు ముందు నిలబడింది. మీట పైకి నొక్కింది. స్టేషనంతా గరగరమంది.

“దయచేసి వినండి.”

తన గొంతు తనకే కొత్తగా ఉంది. “తొమ్మిదేళ్ల పాప. బడి యూనిఫాంలో ఉంది. ఎడమ చెవి వెనక రెండు పుట్టుమచ్చలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద, పోలీసు దుస్తుల్లో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పాపని బండి ఎక్కనివ్వకండి. ఇది రైల్వే పోలీసు ఆజ్ఞ. పాప తాలూకు వాళ్లు...” అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “పాప తాలూకు వాళ్లు వస్తున్నారు.”

కింద ప్లాట్‌ఫాం మీద తలలన్నీ ఒకేసారి తిరిగాయి. ఒక కూలీ తల మీది ట్రంకుని దించి బోగీ తలుపుకి అడ్డంగా పెట్టాడు. గార్డు ఎత్తిన జెండా దించేశాడు. రైల్వే కానిస్టేబుళ్లు ఇద్దరు జనాన్ని తోసుకుంటూ వస్తున్నారు. బావ చుట్టూ ఖాళీ ఏర్పడింది. అతను వాళ్లెవర్నీ చూడలేదు. తల ఎత్తి, సూటిగా ఈ కిటికీకేసి చూశాడు.

పిల్ల చెయ్యి వదిలేశాడు. కానిస్టేబుల్ పిల్లని ఎత్తుకున్నాడు. బావ మాత్రం వెనక్కి తిరిగి, పరిగెత్తకుండా, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వంతెన ఎక్కాడు. నడుస్తూనే నడుముకున్న పిస్తోలు ఒర గుండీ తీశాడు.

“గడియ పెట్టు అక్కా.”

అక్క తలుపు దగ్గరికి పరిగెత్తి, చేతులతో తడిమి, అలాగే నిలబడిపోయింది. “గడియ లేదే.”

ఆరా మేడం వెళ్లి చూసింది. గడియ ఉండేది. ఇప్పుడు దాని చోట నాలుగు మేకుల చిల్లులు, చీలిన చెక్క ఉన్నాయి. చెక్క లోపలి వైపుకి చీలింది. ఊడిన గడియ తలుపు వెనక దుమ్ములో, వంకరపోయి పడి ఉంది. మైకమ్మ మెట్ల మీద జారిపడలేదు. అంతకుముందు ఈ గదిలో దాక్కుని, లోపల గడియ పెట్టుకుని ఉంది. ఎవరో తలుపు బద్దలుకొట్టి లోపలికి వచ్చారు.

ఇనప మెట్లు మోగాయి. మొదటి మెట్టు, రెండో మెట్టు. తొందర లేని బూట్ల చప్పుడు.

అక్క బల్లని తలుపుకి అడ్డం లాగబోయింది. ఆరా మేడం వద్దని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమెని గోడ మూలకి నిలబెట్టి, తన పిస్తోలు చేతిలోకి తీసుకుంది. రెండో చేత్తో మైకుని తలుపు వైపు తిప్పి, మీట పైకే ఉందని చూసుకుంది. స్పీకర్లలో గది నిశ్శబ్దం గాలిలా హోరుమంటూ స్టేషనంతా, ఎదుటి వీధంతా పరుచుకుంది. ఇక ఈ గదిలో ఎవరు ఏ మాటన్నా ఊరంతా వినాల్సిందే.

బూట్లు గుమ్మం బయట ఆగాయి.

“రా బావా,” అంది ఆరా మేడం. “తలుపు తీసే ఉంది.”